కాశీరాం సార్ వైరస్ పాఠం

ఆర్మూర్ బస్టాండు వెనక కాశీరాం టైపు ఇన్‌స్టిట్యూట్ ఒక వెలుగు వెలిగిన కాలం ఉంది. ఎనభై మూడులో నాలుగు మిషన్లతో పెట్టాడు. పొద్దున ఆరింటి బ్యాచి కోసం మోర్తాడ్ పిల్లలు మొదటి బస్సుకే వచ్చి గుమ్మంలో కూర్చునేవారు. లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసై ఆఫీసుల్లో గుమాస్తాలైనవాళ్లు ఎదురుపడితే సైకిలు దిగి నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారాలతోనే ఆయనకు కడుపు నిండేది. తొంభై మూడు దాటాక బ్యాచికి ఇద్దరు కూడా రాలేదు. కంప్యూటర్ వచ్చిందట, ఇక టైపు ఎవరిక్కావాలి? మిషన్ల మీద గుడ్డలు కప్పి, కుర్చీలో కూర్చుని రోడ్డు చూడడమే పనైపోయింది.

అలాంటప్పుడు పసుపు కమీషన్ వ్యాపారి హనుమాన్లు సేటు తాను పెట్టిన ఇంగ్లీషు మీడియం బడికి ఒక కంప్యూటర్ తెప్పించాడు. ఒకటంటే ఒకటే. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరికీ అదే దిక్కు. అక్షరాల మీటలు తెలిసినవాడు ఊళ్లో కాశీరామే కాబట్టి ఆయన్నే కంప్యూటర్ సార్‌ను చేశాడు. యాభై ఒక్కేళ్ల మనిషి నిజామాబాద్‌లో మీసాలు రాని కుర్రాళ్ల పక్కన ఇరవై రోజులు కూర్చుని, సగం అర్థమై సగం అర్థం కాక, నోటుబుక్కు నింపుకొని వచ్చాడు. ఇదీ పోతే ఈ వయసులో తనను పనికి పిలిచేవాళ్లు లేరని ఆయనకు బాగా తెలుసు. ఆ భయం ఆయన్ను ఒక్క పూట కూడా వదల్లేదు.

కంప్యూటర్ గదికి ఉన్న మడి ఏ దేవుడి గదికీ ఉండదు. చెప్పులు బయటే విడవాలి, కాళ్లు కడుక్కోవాలి. మార్కెట్ యార్డు నుంచి పసుపు దుమ్ము వస్తుందని కిటికీలు తెరవనిచ్చేవారు కాదు. నలభై మంది గోడకానుకొని చెమటలు కక్కుతుంటే ఒక్కొక్కరికీ వంతు రెండు నిమిషాలు. తెర మీద చిన్న ముక్కోణం ఉండేది, దాని పేరు తాబేలు. ఇంత ముందుకు పో అని టైపు చేస్తే గీత గీసుకుంటూ పోయేది, తిరుగు అంటే తిరిగేది.

ఆ తాబేలుతో చక్కగా పని చేయించింది ఒక్క గంగామణే. బీడీలు చేసే రామవ్వ కూతురు, మూడో తరగతి. వంతు వచ్చేదాకా నేల మీద వేలితో గీతలు గీస్తూ లెక్క చూసుకునేది. ఒకరోజు ఇల్లు గీసి, తలుపు పెట్టి, తాబేలును లోపలికి పంపించింది.

"ఎందుకే లోపలికి తోలినవ్?" అన్నాడు కాశీరాం.

"బయట ఎండ కొడ్తున్నది గద సార్."

ఇన్నేళ్లలో ఎంతమందికో వేళ్లు తిప్పడం నేర్పాడు గానీ ఇలాంటి బుర్రను చూడలేదు. ఆ మాట పిల్లతో అనలేదు. అనాల్సింది.

తర్వాత పుస్తకంలో వైరస్ పాఠం వచ్చింది. అది ఫ్లాపీల వెంట పాకే దొంగ ప్రోగ్రామని ట్రైనింగ్‌లో చెప్పారు, నోటుబుక్కులో రాసుకున్నాడు కూడా. కానీ ఎనిమిదేళ్ల పిల్లలకు అదెలా చెప్పాలి? పైగా చీమిడి చేతులతో మీటలు ముట్టుకుంటున్నారని సేటు రోజూ ఒకటే సణుగుడు. కాశీరాంకు ఒక ఉపాయం తట్టింది.

"కంప్యూటర్‌కు గూడ జరమొస్తది. గదాన్నే వైరస్ అంటరు. పాణం బాగలేనోళ్లు ముట్టుకుంటే దానికి అంటుతది. ఎరుకైందా?"

"ఎరుకైంది సార్!" అన్నాయి నలభై గొంతులు.

చేతులు కడుక్కొని రావడం ఆ మర్నాటి నుంచే మొదలైంది. తన తెలివికి తానే మురిసిపోయాడు పాపం.

తొంభై ఆరు ఫిబ్రవరిలో గంగామణికి అమ్మవారు పోసింది. పదిహేను రోజులకు తగ్గి, ముఖం నిండా మచ్చలతో సోమవారం బడికి వచ్చింది. ముందురోజు ఆదివారం హైదరాబాద్ నుంచి సేటు మేనల్లుడు వచ్చి, ఆటల ఫ్లాపీ పెట్టుకొని సాయంత్రం దాకా ఆడాడు. సోమవారం గంగామణి వంతు వచ్చింది. రెండో లైను కొట్టేసరికి తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడి కిందికి రాలిపోయాయి. పిల్ల చేతులు వెనక్కి లాక్కుంది.

"గంగామణికి అమ్మవారు పోసింది సార్! గదే అంటింది!" అని పిల్లలు బయటికి ఉరికారు.

సాయంత్రానికి ఆ మాట ఇళ్లకు చేరింది. మచ్చల పిల్లను బడిలో ఉంచితే మా పిల్లలను పంపించేది లేదని తల్లిదండ్రులు వచ్చి కూర్చున్నారు. మూడో రోజు నిజామాబాద్ మెకానిక్ వచ్చి చూశాడు. బల్ల మీద మేనల్లుడు మరిచిపోయిన ఫ్లాపీని కాశీరాం చేతిలో పెట్టి, "దీన్లకెల్లి వచ్చింది సార్" అని చెప్పి వెళ్లిపోయాడు. కాశీరాం దాన్ని జేబులో వేసుకున్నాడు.

సేటు పిలిచాడు. పక్కనే మేనల్లుడు కాలు మీద కాలేసుకొని పేపరు చదువుతున్నాడు. గుమ్మం బయట రామవ్వ కూతురి చెయ్యి పట్టుకొని నిలబడింది.

"మెకానిక్ ఏమన్నడు కాశీరాం సార్? గీ పిల్ల వల్ల కాదంటె చెప్పుండ్రి, ఉంచుకుంట."

ఒక్క మాట చాలు. ఫ్లాపీ తీసి బల్ల మీద పెడితే మాట కూడా అక్కర్లేదు. కాశీరాం మేనల్లుడి వైపు చూశాడు, సేటు వైపు చూశాడు.

"వైరస్ వచ్చిందన్నడు" అన్నాడు.

అబద్ధం ఆడలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇంతకంటే పిరికి నిజం ఉండదు.

"సారూ, జర నువ్వన్నా చెప్పు. నా బిడ్డ ఏం జేసింది?" అంది రామవ్వ. ఆయన తల ఎత్తలేదు. ఆ పూటే టీసీ రాసి ఇచ్చేశారు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం రామవ్వ ఇంటికి వెళ్లాడు. అరుగు మీద తల్లి బీడీలు చుడుతోంది. పక్కన గంగామణి కత్తెరతో ఆకు కత్తిరిస్తోంది. మచ్చలు సగం తగ్గాయి.

"గంగామణీ, నీ తప్పేం లేదు బిడ్డా. మనుషుల జరం కంప్యూటర్‌కు అంటుతది అని నేనే అబద్ధం చెప్పిన. అది సేటు మేనల్లుడు తెచ్చిన ఫ్లాపీలకెల్లి వచ్చింది. నాకు గా దినమే ఎరుక."

రామవ్వ చేతులు ఆగిపోయాయి. "గీ మాట గా దినం ఎందుకు అనకపోతివి సారూ?" అంది. తిట్టినా బాగుండేది. ఆయన గంగామణి తల నిమరబోయాడు.

పిల్ల చప్పున గోడకు జరిగింది.

"ముట్టుకోకుండ్రి సార్. మీకంటితే మళ్ల కంప్యూటర్‌కు అంటుతది."

"అంటదు బిడ్డా. ఒట్టు."

"మీరే చెప్పిన్రు గద సార్" అని గంగామణి ఇంకో ఆకు తీసుకుంది.