నాయనమ్మ తోసేసిన మోటారు సైకిలు

నా చిన్నప్పుడు పుప్పాలగూడలో మోటారు సైకిలు చప్పుడు వినిపించిందంటే, వచ్చినవాళ్ళు పోలీసులైనా అయి ఉండాలి, దారి తప్పినవాళ్ళైనా అయి ఉండాలి. ఇప్పుడక్కడి అద్దాల మేడలను చూస్తూ ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మదు. అప్పుడు ఊరి చుట్టూ బండరాళ్ళు, రాళ్ళ సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి పక్కగా పట్నానికి పోయే మట్టి తొవ్వ. మాకు బర్రెలుండేవి. మా అమ్మా నాయనా పాలు పితికితే, మా చిన్నాయన వాటిని సైకిలుకు కట్టుకుని పట్నంలో హోటళ్ళకూ ఇళ్ళకూ వేసి వచ్చేవాడు. ఎండాకాలంలో ఆయన మెహిదీపట్నం చేరేసరికి ఒక్కోసారి పాలు విరిగిపోయేవి. అలాంటి రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడేవాళ్ళు కాదు.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కావాలని పట్నమంతా అట్టుడికిపోతున్న ఏడాది. కాలేజీలు మూతపడ్డాయి, మా బడీ మూతపడింది. పదేళ్ళ దాన్ని కాబట్టి బంద్ అంటే నాకు బడి లేకపోవడమే. పెద్దవాళ్ళకు మాత్రం బంద్ అంటే ఇంట్లోంచి వెళ్ళిన మనిషి తిరిగి వచ్చేదాకా గడపలో నిలబడటం. కాల్పుల మాట, లాఠీల మాట రోజూ ఎవరో ఒకరు మోసుకొచ్చేవాళ్ళు. అయితే పాలబండిని ఎవరూ ఆపేవాళ్ళు కారు. పసిపిల్లల పాలు కదా అని ఉద్యమం చేసే కుర్రాళ్ళూ వదిలేవాళ్ళు, పోలీసులూ వదిలేవాళ్ళు. అందుకని ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజున కూడా ఆ తొవ్వ మీద మా చిన్నాయన ఒక్కడే పోయేవాడు. ఆయన వెళ్ళిన దగ్గర్నుంచి మా నాయనమ్మ కంది పప్పు చేటలో పోసుకుని వాకిట్లో కూర్చునేది. ఏరిన పప్పునే మళ్ళీ ఏరేది.

సైకిలు తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోతున్నాయని మా చిన్నాయన మోటారు సైకిలు మీద మనసు పడ్డాడు. మెహిదీపట్నంలో ఆయనకు తెలిసిన మెకానిక్ దగ్గర పాతబండ్లు రెండు అమ్మకానికి ఉన్నాయి. మంచివాడా మెకానిక్. రెండూ నడిపి చూసుకో, నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చి ఇచ్చెయ్ అన్నాడు. ఒక బండి చిన్నాయన, రెండోది మెకానికూ నడుపుకుంటూ వచ్చి మా వాకిట్లో పెట్టారు. పోయేటప్పుడు పాపం మెకానిక్ మా చిన్నాయన సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

ఒకటి పెద్ద బండి. నల్లగా, ఎత్తుగా, పొట్ట ముందుకు పెట్టుకుని నిలబడ్డ పటేలులా ఉండేది. దాన్ని స్టార్ట్ చేస్తే మా వంటింట్లో అల్మారలోని గిన్నెలు గలగలమనేవి. రెండోది చిన్నది, సన్నది. రంగు వెలిసిపోయి, కుట్టు మిషను చప్పుడు చేసేది. ఊరంతా మా వాకిట్లో చేరి తలో మాట అన్నది. పెద్దదాని మీద నాలుగు పాల క్యాన్లు పడతాయి, లారీ పక్కనుంచి పోయినా బండి వణకదు, ఎంత ఎత్తున్నా ఎక్కేస్తుంది అని మా నాయన. చిన్నది పెట్రోలు తక్కువ తాగుతుంది, రాళ్ళ మధ్య ఇరుకులోంచి కూడా తిప్పుకోవచ్చు, పిట్ట కొంచెం కూత ఘనం అని పక్కింటి పెద్దాయన. దాని మీద రెండు క్యాన్లకు మించి పట్టవు, మిగిలిన పాలు నువ్వు తాగుతవా అని అందరూ ఆయన్ని ఎగతాళి చేశారు. ఇక నన్ను పెద్ద బండి ట్యాంకు మీద కూర్చోబెట్టి చిన్నాయన ఊరంతా ఒక చుట్టు తిప్పాడు. ఆ తర్వాత నన్నడిగితే చిన్నదాన్ని బండి అనడానికే నేను ఒప్పుకోను.

నాయనమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. పెద్ద బండి చుట్టూ తిరిగి చూసింది, క్యాన్లు తట్టి చూసింది, వెళ్ళి పప్పు చేట ముందేసుకుంది.

మర్నాడు మంచిరోజని పెద్ద బండికి పూజ పెట్టుకున్నారు. నిండు క్యాన్లతో ఎట్లా పోతుందో చూద్దామని చిన్నాయన అటు రెండు, ఇటు రెండు క్యాన్లు నీళ్ళు నింపి కట్టాడు. అమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టింది, బంతిపూల దండ వేసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ, కర్పూరం ఉన్న పళ్ళెం నా చేతిలో ఉంది. చిన్నాయన కొత్త చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడ్డాడు. ఇంటికి పెద్దది కాబట్టి నాయనమ్మను మొదటి బొట్టు పెట్టమన్నారు. ఆమె ముందుకొచ్చి, బొట్టు పెట్టకుండా కొడుకును ఒకే మాట అడిగింది.

“రోజు ఎక్కే బండేనా గిది?”

రోజూ ఎక్కేదేనని, ఇక సైకిలు ముట్టనని చిన్నాయన నవ్వుతూ చెప్పాడు.

నాయనమ్మ బండికి భుజం ఆనించింది. దండం పెట్టుకుంటున్నది కాబోలు అనుకున్నాను. ఒక్క తోపు తోసింది. బండి స్టాండు మీంచి ఒరిగి, క్యాన్లతో సహా అవతలివైపు ధడాలున పడింది. అద్దం పగిలింది. బ్రేకు పుల్ల వంగింది. క్యాన్ల మూతలు ఊడి నీళ్ళు వాకిలంతా పారాయి, ఆ నీళ్ళల్లో బంతిపూలు, ట్యాంకులోంచి కారిన పెట్రోలు.

నా చేతిలో పళ్ళెం ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు. పూజ వేళ అద్దం పగలడం అపశకునమని అంత చిన్నదాన్నైనా నాకు తెలుసు. పైగా అది ఇంకా మా బండి కూడా కాదు, నమ్మి ఇచ్చిపోయిన మెకానిక్ బండి. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ముసలామెకు మతి పోయిందని గుంపులో ఎవరో గొణిగారు. నాకూ అదే అనుమానం వచ్చింది, భయం వేసింది. రాత్రుళ్ళు నన్ను పక్కలో వేసుకుని పడుకునే మనిషి ఆమె.

ముందుగా తేరుకున్నది మా నాయన. ఆయనా, మరో ఇద్దరూ బండి లేపడానికి ఉరికారు. నాయనమ్మ వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

“ఎవ్వలు చెయ్యి పెట్టద్దు. వాడొక్కడే లేపాలె,” అన్నది. గొంతు పెంచలేదు కానీ ముగ్గురూ ఆగిపోయారు.

చిన్నాయన మొహం కందగడ్డలా అయింది. తల్లి మీద కోపమంతా బండి మీద చూపిస్తూ హ్యాండిల్ పట్టి గుంజాడు. బండి మోకాలెత్తు లేచి, మళ్ళీ పడింది. కొత్త చొక్కా చంకల దగ్గర చిరిగింది. క్యాన్లు విప్పుతానంటే నాయనమ్మ ఒప్పుకోలేదు, తొవ్వ మీద పడ్డా క్యాన్లతోనే పడతావు కదా అన్నది. ఇంకోసారి లేపబోయి బురదలో కాలు జారి, పాదం బండి కిందికి పోబోతే ఆఖరి క్షణంలో లాక్కున్నాడు. ఇక లేవలేక ఆ తడిలోనే కూలబడ్డాడు. ఊరందరి ముందు, ఇరవై రెండేళ్ళ మనిషి. ఆశ లావు, పీక సన్నం అని ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అంతసేపూ నాయనమ్మ రెండు చేతులనూ కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. ఎండలో చలేమిటి ఈమెకు అనుకున్నాను.

అప్పుడు చెప్పింది, చిన్నాయన వైపే చూస్తూ.

“మీ నాయిన జొరమొచ్చి పోలేదు బిడ్డా. ఎడ్లబండి తిరగబడితే దాని కిందపడి పోయిండు. బండి గంత బరువేం గాదు, ఇద్దరు మనుషులుంటే లేస్తుండె. రజాకార్ల భయానికి ఊరు ఊరంత రాళ్ళల్ల దాక్కున్న దినాలవి. తొవ్వ మీద పిట్ట లేదు. నెత్తి మీదికి పొద్దొచ్చినంక నేనే దేవులాడుకుంట పొయ్యిన. నువ్వు నా సంకల ఉంటివి. నిన్ను కింద పండవెట్టి బండికి చేతులు వెట్టిన. లేవలే. అప్పటికింకా పానం ఉండె ఆయనకు.”

తాతయ్య జ్వరంతో పోయాడనే నాకు చెప్పారు, చిన్నాయనకూ అదే చెప్పారు. నేను మా నాయన వైపు చూశాను. ఆయన నేలచూపులు చూస్తున్నాడు. ఆయనకు తెలుసు. తెలిసి ఇన్నేళ్ళూ తల్లి కోసం నోరు మెదపలేదు. రోజూ నేను అన్నం తినే ఇంట్లో ఇంత పెద్ద మాట దాగి ఉందన్నది నాకు బండి పడటం కన్నా పెద్ద దెబ్బ.

నాయనమ్మ అక్కడితో ఆగలేదు. పక్కనున్న చిన్న బండికి రెండు క్యాన్లు నింపి కట్టించి, పోయి దాన్ని కూడా తోసేసింది. ఈసారి తల కొట్టుకున్నది మా నాయన. చిన్నాయన లేచాడు, మొహం తుడుచుకున్నాడు, ఆ బండిని పట్టి, పళ్ళు బిగించి, కొంచెం కొంచెంగా లేపి నిలబెట్టాడు. నాయనమ్మ పోయి దానికి బొట్టు పెట్టింది. దొర్లిపోయిన కొబ్బరికాయను నేనే వెతికి తెచ్చాను.

పగిలిన అద్దం, వంగిన పుల్ల చిన్నాయన బాగు చేయించి పెద్ద బండిని తిరిగి ఇచ్చేశాడు. చిన్నబండి మీద పొద్దున రెండు క్యాన్లు, మళ్ళీ వచ్చి రెండు క్యాన్లు తీసుకుపోయేవాడు. తల్లితో మాత్రం మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, అంతే. నలుగురిలో పరువు తీసిందన్నది ఆయన మనసులోంచి పోలేదు. నేను కూడా చిన్నాయన పక్షమే. ఆ మాట నాయనమ్మకు తెలిసేలా రాత్రి అమ్మ పక్కన పడుకోవడం మొదలుపెట్టాను.

కొన్ని వారాలకు మళ్ళీ పెద్ద బంద్. పొద్దున వెళ్ళిన చిన్నాయన ఎప్పుడూ వచ్చే వేళకు రాలేదు. నాయనమ్మ చేట పక్కన పెట్టేసి ఊరి చివరిదాకా నడిచింది, నేను వెనకాలే పోయాను. చాలాసేపటికి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. బండి మీద చిన్నాయన, ఒళ్ళంతా పాలు, పాల మీద దుమ్ము. మోచేయి చెక్కుకుపోయింది, ప్యాంటు మోకాలు దగ్గర చినిగి నెత్తురు కారుతున్నది. బంద్ కోసం తొవ్వకు అడ్డంగా పెట్టిన రాళ్ళను మలుపు తిరిగేదాకా చూసుకోలేదట. బండి కాలి మీద పడిందట. ఇంటికి తీసుకొచ్చి నాయనమ్మ గాయం కడిగి పసుపు అద్దింది. కడిగేటప్పుడు ఒక్కటే అడిగింది, ఆ తొవ్వ మీద ఎవరన్నా ఉండిరా అని.

చిన్నాయన చాలాసేపు ఆమె చేతుల వైపే చూశాడు. “ఎవ్వలు లేకుండిరి అవ్వా,” అన్నాడు.

ఆ రాత్రి నేను మళ్ళీ నాయనమ్మ పక్కలోకి పోయి పడుకున్నాను. ఆమె దుప్పటి నా మీదికి లాగింది.

తర్వాత నా బతుకులో ఎన్నో బరువులు నెత్తికెత్తుకున్నాను. ఉద్యోగం, నల్లగండ్లలో ఇల్లు, ఇద్దరు పిల్లలు. ప్రతిదాని ముందూ ఒకసారి ఆగి, ఇది పడిపోతే, చుట్టూ ఎవరూ లేకపోతే, నేనొక్కదాన్నే లేపగలనా అని చూసుకున్నాను. లేపలేననిపించినవి వదిలేశాను, వదిలినందుకు నలుగురూ నవ్వినా సరే.

మొన్న మా మనవరాలు ఆఫీసుకు రోజూ పోవడానికి బండి కొంటానని నన్ను కొత్తగూడలో షోరూముకు తీసుకుపోయింది. చిన్నది తీసుకోమని వాళ్ళ నాన్న, పెద్దదే కావాలని అది. నన్ను తీర్పు చెప్పమంటే, పెద్దదాన్ని పక్కకు పడుకోబెట్టి ఒక్కదానివే లేపు అన్నాను. షోరూము పిల్లలు నోళ్ళు తెరిచారు. మేనేజరును పిలిచారు. ఆయన నా తెల్లజుట్టు చూసి ఒప్పుకున్నాడు, కింద దుప్పట్లు పరిచి బండిని నెమ్మదిగా పడుకోబెట్టారు. నా మనవరాలు దానికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, హ్యాండిల్ ఒక చేత, సీటు కింద కమ్మీ ఒక చేత పట్టి వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. సగం లేచాక బండి ఆగిపోయింది. పిల్ల మెడ నరాలు ఉబ్బాయి, కాళ్ళు వణికాయి.

నేను చెప్పకుండానే నా చేతులు ముందుకు పోయాయి. వాటిని వెనక్కి లాక్కుని, కొంగులో గట్టిగా చుట్టేసుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు ఎండలో నాయనమ్మ చేతులు ఎందుకు దాచుకుందో. ఒకసారి బండికి పెట్టి లేపలేకపోయిన చేతులవి. కన్నకొడుకు బురదలో పడుతుంటే వాటిని పట్టి ఆపుకోవడానికి ఆమెకు ఎంత బలం కావాల్సి వచ్చిందో నాకు అరవై దాటాక గానీ తెలియలేదు.

బండి లేచింది. షోరూములో అందరూ చప్పట్లు కొట్టారు. కొంగులోంచి నా చేతులు బయటికి తీయడానికి మాత్రం నాకు కాసేపు పట్టింది.