ఫైరింజన్ వెళ్లలేని దారులు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు భివండి పక్కన కాల్హేర్‌లో ఒక గోదాం ముందు తెలిసింది. నా టెంపోలోంచి బట్టల తానులు దించుతున్నారు. నా భార్య ఫోన్ చేసి, "అత్త లేదు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది, కూసున్నట్టే పోయింది" అంది. అరవై ఆరేళ్లు. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఎక్కువగా నవ్వే వస్తోంది. అందుకే ఆమె గురించి మీకు చెప్పాలనిపించింది.

మా తాత కరీంనగర్ పక్క ఊరి నుంచి భివండి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికాడు. ఆయన కూతురు మరాఠీ బడిలో చదివి టీచరమ్మ అయింది. పట్నం దాటాక గుట్టల కింద ఉన్న సర్కారు బడిలో భూగోళం చెప్పింది. చాయ్ ఎప్పుడూ సాసర్‌లో పోసుకునే తాగేది. పెన్సిల్‌ను బ్లేడుతో సూదిలా చెక్కేది. కొత్త ఊరికి ఎవరైనా పోయి వస్తే ఆమె మొదట అడిగేది, "అక్కడ నీళ్లెక్కడివి?" అని.

ఆమె రిటైరయ్యే ఏడాది, హోలీ అయిన వారానికి, బడి పైనున్న గుట్ట అంటుకుంది. ఎండు గడ్డి మీద మంట పాకుతూ కిందనున్న పాడా మీదికి వచ్చింది. పాడా అంటే పదిహేను ఇరవై ఇళ్ల అడవి పల్లె. పట్నం నుంచి ఫైరింజన్ బయల్దేరింది గానీ, దారిలో ఒక వాగు మీది వంతెన ఇరుకు. బండి పట్టలేదు. వెనక్కి తిప్పుకుని, చుట్టూ తిరిగి వచ్చేసరికి నాలుగు ఇళ్లు, గడ్డివాములన్నీ బూడిదయ్యాయి. మనుషులు బయటపడ్డారు, కట్టేసిన మేకలు బయటపడలేదు.

ఊరంతా ఫైరు వాళ్లను తిట్టింది. మా అత్త తిట్టలేదు. "వాళ్లేం జేస్తరు? వంతెన ఇరుకని వాళ్లకెవరు జెప్పిన్రు?" అంది.

రిటైరయ్యాక మొదటి ఆదివారమే ఒక వెదురు బొంగు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అల్లుడా, దీన్ని నీ టెంపో మీద అడ్డంగ కట్టు."

"ఎందుకత్తా?"

"ఫైరింజన్ ఎంత వెడల్పున్నదో గంతకు కోసిన. నిన్న స్టేషన్‌కు పోయి టేపు పెట్టి కొలిచిన."

"వాళ్లు ఊకున్నరా?"

"చాయ్ పోసిన్రు."

అలా మొదలైంది. రెండు వైపులా బొంగు పొడుచుకొచ్చిన టెంపోను చూసి వరాలా తలావ్ గట్టున నడిచేవాళ్లు ఆగిపోయేవారు. "ఏంది మాస్టరమ్మా, పందిరి తీసుకపోతున్నవా?" అని సాంచాల వాళ్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. గుట్టల్లో బొంగు తగలకుండా పోయిన దారికి, ఆమె చేత్తో గీస్తున్న మ్యాపులో పచ్చ గీత, తగిలిన చోట ఎర్ర చుక్క. ఎండాకాలంలోనూ నీళ్లుండే బావికి నీలం. నేను తొందరపడితే ఊరుకునేది కాదు. "నీళ్లు నింపిన బండి గట్ల ఉరుకది. నిమ్మలంగ పోనీ" అని గడియారం చూసుకునేది. చూడని చోట 'తెలియదు' అని రాసేది. "మ్యాపుల ఖాళీ ఉన్నదంటే అక్కడ మనుషులు లేరని కాదు. మనం పోలేదని" అనేది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఆదివారం సాయంత్రం ఇంకొక్క పాడా మిగిలింది. నాకు నడుం నొప్పి, ఇంట్లో చుట్టాలు. "ఆ రోడ్డు నాకెరుకే అత్తా, మంచిగనే ఉంటది, లారీలు గూడ పోతయి" అన్నాను. నేనెప్పుడూ ఆ దారిన పోలేదు. నా మాట నమ్మి ఆమె పచ్చ గీత గీసింది.

మర్నాడంతా బండి నడుపుతున్నా ఆ పచ్చ గీతే కళ్ల ముందు ఆడింది. మధ్యాహ్నం మాన్‌కోలిలో లోడ్ వదిలేసి నేరుగా ఆమె ఇంటికి పోయి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె మ్యాపు తెచ్చి పరిచి, రబ్బరు నా చేతికిచ్చింది.

"నువ్వే తుడువు."

తుడిచాను. అక్కడ 'తెలియదు' అని నాతోనే రాయించింది. తర్వాత, "అన్నం తిన్నవా?" అని అడిగింది. పై ఆదివారం ఆ దారిన వెళ్తే, రెండో మలుపులో ముందుకు పొడుచుకొచ్చిన బండరాయికి తగిలి బొంగు పటుక్కున విరిగింది. దిగి ముక్కలు ఏరుకున్నాం. ఎర్ర చుక్క పెట్టమని పెన్సిల్ కూడా నాకే ఇచ్చింది.

ఫైర్ ఆఫీసులో మ్యాపు పరిచిన రోజు నేనూ ఉన్నాను. అంత ఎరుపు చూసి ఆఫీసరు మొహం ముడుచుకుంది. "మేడమ్, మా తప్పులన్నీ పట్టుకొచ్చారా?" అన్నాడు మరాఠీలో. "తప్పులు కావు సార్. బండి పంపేముందు చూసుకునే కాగితం" అంది అత్త కూడా మరాఠీలోనే. ఆయన కాసేపు వేలితో దారులు వెతికాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకున్నాడు. ఎర్ర చుక్కల చోటికి పెద్ద ఇంజన్ బదులు పంపు బిగించిన చిన్న బండి పంపాలని ఆ పూటే గోడ మీద రాయించాడు. చిన్న బండి కూడా దూరమయ్యే చోట్ల ఏం చేయాలో పాడాల ఆడవాళ్లే చెప్పారు. హోలీకి ముందే ఇళ్ల చుట్టూ, గుట్ట నడుమన గడ్డి కోసి, మట్టి తేలేలా ఒక పట్టీ చెక్కుతారు. మంటకు అక్కడ తినడానికేమీ దొరకదు.

నిరుడు వేసవిలో మంట వచ్చింది, నేను అబద్ధం చెప్పిన ఆ పాడా మీదికే. అక్కడి అంగన్‌వాడీ ఆమె ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది. చిన్న బండి ఆ మలుపు దాటి పోయింది. ఆలోగా మంట చెక్కిన పట్టీ దాకా వచ్చి ఆగింది. ఒక్క ఇల్లూ కాలలేదు. కబురు తెలిసి నేను అత్త దగ్గరికి పరుగెత్తితే, ఆమె సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ, "బండికి ఎంతసేపు పట్టిందట?" అంది. చెప్పాను. "ఇంకా తగ్గాలె" అంది. ఆ తర్వాతే నవ్వింది.

కొన్ని పాడాలు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. వంతెన ఇరుకుగానే ఉంది. మ్యాపు నకలు మాత్రం ఇప్పుడు ఫైర్ స్టేషన్ గోడ మీద ఉంది. కొత్త రోడ్డు పడితే నేనే వెళ్లి గీసి వస్తాను.

అత్త పోయిన పదోరోజున, నిరుడు మంట ఆగిన ఆ పాడా నుంచి జీపు నిండా మనుషులు వచ్చారు. అంగన్‌వాడీ ఆమె రెండు గంపలు దింపింది. నిండా మోదుగాకు దొన్నెలు, దొన్నెల్లో కరవందలు. మనవైపు కలె పండ్లంటామే, అవి. "గుట్ట మిగిలింది గదా, పొదలు ఈసారి విరగకాసినయి" అని ఆమె మరాఠీలో చెబితే అందరికీ నేనే తెలుగులో చెప్పాను. గల్లీలో పిల్లలందరికీ పంచాం. ఏడవడానికి వచ్చినవాళ్లు కూడా గింజలు ఊస్తూ మాట్లాడుకున్నారు. పొద్దువాలే వేళకు పిల్లలు అత్త ఇంటి మెట్ల మీద వరసగా కూర్చుని, ఎవరిది ఎక్కువ నల్లబడిందో చూడమని ఒకరికొకరు నాలుకలు చాపుకుంటున్నారు.