సోబియా పొంగని రోజు

ఈ రంజాన్ మొదటి రోజు సాయంత్రం కౌంటర్ మీద సోబియా నింపిన ప్లాస్టిక్ సంచి ఒకటి పగిలి నా చొక్కా అంతా తడిసింది. దాల్చినచెక్క, యాలకులు, పులిసిన బార్లీ రొట్టె కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే లచ్చన్న గుర్తొచ్చి పెద్దగా నవ్వేశాను. వరుసలో నిలబడ్డ పెద్దాయన వీడికేదో అయిందన్నట్టు చూశాడు.

సోబియా తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎండిన బార్లీ రొట్టెను నానబెట్టి వడకట్టి, చక్కెర, దాల్చినచెక్క, యాలకులు వేసి ఒక రోజు పులియనిస్తారు. జిద్దాలో ఉపవాసం విడిచే వేళకు ఇది ఉండి తీరాలి. అక్కడి పాత బస్తీ బలద్‌లో, ఒక సందులో, నేను పనిచేసే అబూ హాతిమ్ అనే ముసలాయన దుకాణం ఉంది. అప్పట్లో అందులో సోబియా చేసే ఉస్తాద్ మా జగిత్యాల వైపు మనిషి, లచ్చన్న. కల్లు గీసే గౌండ్లవాళ్ల ఇంట్లో పుట్టినవాడు. "ఊర్ల ఎంత పులిస్తె అంత గిరాకి. ఈడ ఒక్క పూట ఎక్కువ పులిసిందనుకో, జైలే," అని తన ఉద్యోగం మీద తానే కడుపుబ్బ నవ్వేవాడు. పులియబెట్టడం ఎవరికైనా వస్తుంది, కల్లు కాకముందే ఆపడమే ఆయన విద్య. డ్రమ్ము మూతకు చెవి ఆనించి బుడగల చప్పుడు కాసేపు విని, పులియడం ఆపాల్సిన వేళకు "ఇగ మంచు వెయ్," అనేవాడు.

ఈ దుకాణానికి రాకముందు నేను రెండేళ్లు ఒక ఆసుపత్రిలో క్లీనింగ్ పని చేశాను. ఆ కంపెనీ వాళ్లు ఒక గదిలో పన్నెండు మందిని కుక్కేవాళ్లు. అబూ హాతిమ్ నెల రోజులు నా పని చూసి, నచ్చితే నా కఫాలా, అంటే వీసా పూచీ, తన పేరుకు మార్చుకుంటానన్నాడు. నచ్చకపోతే మళ్లీ ఆ గదికే పోవాలి. దాంతో అడగని పనులు కూడా మీదేసుకోవడం మొదలుపెట్టాను.

రంజాన్‌కు రెండు రోజుల ముందు మధ్యాహ్నం లచ్చన్నా నేనూ నాలుగు డ్రమ్ములు కలిపాం. ఆయన గదికి వెళ్లాక, డ్రమ్ములున్న చోట ఎవరూ ఎన్నడూ వేయని ఏసీని నేను రిమోట్‌తో పూర్తి చల్లదనానికి పెట్టాను. ఆసుపత్రిలో ఏది పాడవకూడదన్నా చల్లగా ఉంచేవాళ్లం కదా, ఇదీ అంతేననుకున్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి చూస్తే డ్రమ్ముల్లో చడీచప్పుడు లేదు, ఒక్క బుడగ లేదు. దోసెల పిండి పులవకపోతే మా అమ్మ చారెడు చక్కెర వేసేది. నేను కంగారులో డ్రమ్ముకు రెండేసి కిలోలు పోసి, పైన దాల్చినచెక్క పొడి కూడా గుప్పించాను.

లచ్చన్న వచ్చి మూతకు చెవి పెట్టాడు. తర్వాత వేలు ముంచి నాకాడు.

"ఇది షర్బతు. ఏం చేసినవ్ రా?"

"ఏం చెయ్యలేదన్నా."

"తిట్టను గని చెప్పు. రోగం తెల్వకుంట మందెట్ల ఏస్త?"

అంతా చెప్పేశాను. కంపెనీకి పంపేస్తారన్న భయం కూడా చెప్పాను. చెప్పి ఊరుకోకుండా, "సోడా కలుపుదామన్నా, నురగొస్తది, ఎవలకు తెల్వది," అని తెలివి చూపించాను.

"పొద్దంత నీళ్లు ముట్టనోడు మన మీద నమ్మకంతోని మొదటి గుక్క తాగుతడు. గా గుక్కల మోసం చేద్దమా?" అన్నాడు. గొంతు పెంచలేదు. నాకు మాత్రం భూమిలోకి కుంగిపోయినట్టయింది.

ఏసీ కట్టేసి తలుపులు తెరిచాం. తీపి తగ్గేదాకా కొత్త బార్లీ నీళ్లు కలిపాం. లచ్చన్న ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, కొంచెం చక్కెర, పాత సోబియా అడుగు నుంచి తీసి జాడీలో దాచిన పులిసిన మడ్డి వేశాడు. అది బుసబుసమన్నాక డ్రమ్ములోది గరిటెడు కలిపి ఆగాడు. మళ్లీ గరిటెడు, మళ్లీ ఆగడం. మొత్తం ఒకేసారి పోసెయ్యరాదా అని నాకు చేతులు దురదపెట్టాయి.

"కొత్త కోడల్ని ఒక్కపారే ఇరవై మంది చుట్టాల నడుమకు తోస్తె బెదరదా?" అన్నాడు. "ఒక్కొక్కలను అలవాటు చెయ్యాలె." రాత్రయ్యాక ఆ గిన్నెలోది నాలుగు డ్రమ్ముల్లోకీ పంచి పోశాడు.

మరునాడు, అంటే రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నానికి, రెండు డ్రమ్ములు లేచాయి. మిగతా రెండూ ఇంకా బద్ధకంగానే ఉన్నాయి. అబూ హాతిమ్ రాగానే లచ్చన్న నన్ను ముందుకు తోశాడు. "నువ్వే చెప్పు. నేన్జెప్తె నీ తప్పు నాదైతది, నువ్వేం నేర్చుకోవు." వచ్చీరాని అరబీలో, హిందీలో ఏసీ సంగతి, చక్కెర సంగతి చెప్పాను. ముసలాయన మూతలు తీసి నాలుగు డ్రమ్ములూ చూశాడు.

"సగం మంది ఖాళీ చేతులతో పోతారు. ఎందుకో వాళ్లకు నువ్వే చెప్పు," అన్నాడు.

సాయంత్రపు అస్ర్ నమాజు నుంచి సూర్యాస్తమయం దాకా కౌంటర్ దగ్గర నిలబడి "అయిపోయింది, తప్పు నాదే, రేపు రండి," అని చెబుతూనే ఉన్నాను. కొందరు కోప్పడ్డారు. ఒకావిడ మాత్రం రేపటికి నాలుగు సంచులు దాచమని చెప్పి, నా ముఖం చూసి జాలిపడి ఖర్జూరాలు చేతిలో పెట్టి వెళ్లింది. మూడో రోజు అబూ హాతిమ్ నా ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే గుర్తింపు కార్డు, అడిగాడు. పంపించేస్తున్నాడనుకుంటూనే ఇచ్చాను. ఆయన కఫాలా మార్చడానికే తీసుకున్నాడు. ఏసీ రిమోట్ కూడా ఇంటికి పట్టుకుపోయాడు, ఇప్పటికీ తిరిగివ్వలేదు.

లచ్చన్న ఎగ్జిట్ మీద, ఇక తిరిగిరాకుండా, ఊరికి వెళ్లి నాలుగేళ్లయింది. ఏది ఆగిపోయినా దాన్ని బెదిరించకుండా, ముందు దానికేం కావాలో చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అయినా ధైర్యం చాలక, ప్రతి రంజాన్‌కూ మొదటి డ్రమ్ము ఆపేముందు ఆయనకు ఫోన్ చేసి మూత దగ్గర పెట్టేవాణ్ని. ఆయన విని చెప్పేవాడు. ఈ ఏడాదీ పెట్టాను.

"ఇనబడ్డదా అన్నా? ఆపాల్నా?"

"నాకు సన్న సప్పుళ్లు ఇనబడక రెండేండ్లాయెరా," అన్నాడు. "పోయినేడు గూడ డ్రమ్ము సప్పుడేం ఇనబళ్లే. ఆపాల్నో వద్దో నీ గొంతులనే తెలుస్తుండె, గది ఇని చెప్పిన."

నేను ఫోన్ జేబులో పెట్టుకుని, మంచు వేశాను.