బ్రేకుల్లేని బండి మీద నా రేసింగ్ జీవితం

కాలేజీల్లో సీట్ల కంటే ముందు బేస్‌మెంట్లలో పరుపులు నిండిపోయిన ఆ రోజుల్లో, కెనడా చేరిన మనవాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక ఘనమైన గతం ఉండేది. (సరిచూడటానికి హైదరాబాద్ దాకా వెళ్ళేవాడెవడు?) నా గతం బైక్ రేసింగ్. అప్పుడు నేను టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఒక గోదాములో పెట్టెలు మోసేవాణ్ణి. ఫోర్క్‌లిఫ్ట్ ట్రైనింగ్ దొరికితే నడుము దక్కుతుంది. దానికి పేరు రాయాల్సింది మా ముసలి సూపర్‌వైజర్, మేం తాత అని పిలుచుకునే కెనడా ఆయన. వాళ్ళ ఊళ్ళో మట్టి ట్రాక్ వేసిన కొత్తలో మోటార్‌సైకిల్ స్పీడ్‌వే రేసులు తోలినవాడాయన. లంచ్‌లో రోజుకో ఎముక విరిగిన కథ చెప్పేవాడు. ఒకరోజు మోకాలి కథ మధ్యలో నా నోరు ఊరుకోక, "నేనూ రేసర్నే" అన్నాను. ఆ రేసులన్నీ ట్యూషన్‌కి ఆలస్యమైన సాయంత్రాల్లో బాబాయి బైక్ మీద జరిగాయని మాత్రం చెప్పలేదు. తాత ముఖం వెలిగిపోయింది. "శనివారం కొత్తవాళ్ళని ట్రాక్ మీదికి రానిస్తారు. నా బండి ఇస్తాను, వచ్చెయ్" అన్నాడు. (ఇంగ్లిష్‌లోనే అన్నాడు, భయానికి నాకు తెలుగులో గుర్తుండిపోయింది.) వెళ్ళకపోతే ట్రైనింగ్ పోతుంది, వెళ్తే నేను పోతాను.

వీడియో తీస్తానని మా వరంగల్ రూమ్మేట్ వెంట వచ్చాడు. వస్తూనే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, "కొత్త బండి, ఉత్తగ ఎట్ల తీస్తవ్ రా" అన్నాడు. తాత దాన్ని శ్రద్ధగా చూసి, "ఇది టైరుకి పట్టు ఇస్తుందా?" అని అడిగాడు. "పాణానికి ఇస్తది అంకుల్" అని, మళ్ళీ దాన్నే వాడు ఇంగ్లిష్‌లో విడమరిచి చెప్పాడు. తాత నా ఎడమ బూటుకి ఇనప తొడుగు బిగించి, మలుపులో ఆ కాలిని నేల మీద జారనివ్వాలనీ, ఈ బండికి బ్రేకులుండవనీ చెప్పాడు. రేసర్ని కదా, "తెలుసు" అన్నాను. నిమ్మకాయ చితికింది. మలుపు రాగానే నా కుడికాలు లేని బ్రేకు కోసం, బొటనవేలు లేని హారన్ కోసం వెతికాయి. ఇక మనవాళ్ళ ఆఖరి ఉపాయంగా రెండు కాళ్ళూ నేలకి ఆనించాను. ఇనప కాలు ముందుకు జారిపోయింది, మిగతా నేను ట్రాక్ చుట్టూ కట్టిన గాలిదిండ్లలోకి వెళ్ళాను.

తాత వచ్చి లేపి, మట్టి దులిపాడు. "నిజం చెప్పు, ఎన్ని రేసులు తోలావు?"

"ఒక్కటీ లేదు."

"నేనూ మొదటిరోజు ఇలాగే కోతలు కోశాను. ఇదే మలుపులో పడ్డాను. అప్పుడు చెక్క గోడ ఉండేది" అన్నాడు. "సోమవారం ట్రైనింగ్‌కి రా. ఫోర్క్‌లిఫ్ట్‌కి బ్రేకులుంటాయి."

తాత ఇప్పుడు లేడు. ఆయనిచ్చిన ఇనప తొడుగు ఒటావా పక్కన కనాటాలో మా గరాజ్‌లో వేలాడుతోంది. ఖాళీ రోడ్డులో కూడా స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగుతానని విసుక్కునే మా అమ్మాయి, మొన్న అదేమిటని అడిగింది. "ఒకప్పుడు రేసర్నిలే" అన్నాను. వీడియో ఇంకా రూమ్మేట్ దగ్గరే ఉంది.