నేను సున్నా వేసిన ఆకు

హూడిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి పర్యావరణం పాఠం చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే మరీనూ. గుంటూరులో అపార్టుమెంటులో పెరిగినదాన్ని. ఆకుకూరంటే బండి మీద కట్టలుగా వచ్చేదే నాకు.

ఓసారి పరీక్షలో కలుపు మొక్కలను ఏం చేయాలని అడిగాను. పీకెయ్యాలన్నది జవాబు. ఒక పిల్ల మాత్రం వచ్చీరాని ఇంగ్లీషులో, మా అవ్వ గిల్లుకొచ్చి పప్పులో వేసి ఎనుపుతుంది అని రాసింది. అడ్డంగా కొట్టేసి సున్నా వేశాను. పైగా క్లాసులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

వారం తిరక్కుండా ఆ అవ్వ గేటు దగ్గర నన్ను పట్టుకుంది. తరతరాలుగా ఇక్కడే, ఈ కన్నడనాటే ఉన్న తెలుగువాళ్ళు వాళ్ళు.

"మీరు తప్పని కొట్టేసినారంట గదమ్మా. ఆ పొద్దునుంచి నేను ఆకు ఎనిపితే నా మనమరాలు ముట్టేదే లేదు. కూటి తట్ట నూకేస్తాది. ఇన్నేళ్ళూ నేను బిడ్డకు తప్పు కూడు పెడతా ఉండానా?"

తిట్టినా బాగుండేది. శనివారం మా క్లాసుకు రమ్మని బతిమాలాను.

స్టీలు డబ్బాతో వచ్చింది. బడి వెనక ఖాళీ సైటులో పిల్లలకు దొగ్గలాకు, గంగవాయిలాకు చూపించింది. "కొసలు గిల్లండప్పా, వేరు పీకొద్దు. వాన పడితే మళ్ళా వస్తాది" అంది. నేనూ ఉత్సాహంగా, ఏపుగా ఉన్నచోట చూసి గుప్పెడు కోశాను.

అప్పటిదాకా మూతి ముడుచుకుని వెనకాల నిలబడ్డ ఆ పిల్ల గబగబా వచ్చి నా చేతిలోది లాగి పారేసింది. "అక్కడ వద్దు మిస్. మోరీ మురుగు నీళ్ళు పారతాయి. అవ్వ అక్కడ గిల్లదు."

నేను ఏ పుస్తకంలోనూ చదవని సంగతి అది. అలాంటి తెలివికే సున్నా వేశాను.

భోజనాల వేళ అవ్వ డబ్బా మూత తీసింది. రాగి ముద్ద, ఎనిపిన ఆకు. పిల్ల చెయ్యి చాపలేదు, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. క్లాసంతా చూస్తుండగా ముద్ద తుంచి ఆకులో అద్దుకుని తిన్నాను. నిజంగానే బాగుంది. ఇంకొంచెం తీసుకోబోయాను.

పిల్ల చటుక్కున డబ్బా తన వైపు లాక్కుంది.

"చాలు మిస్. ఇది మా అవ్వ నాకోసం చేసింది."