త్రిబుల్ రైడింగ్

యుద్ధం, ద్రోహం, ఏడేళ్ల మౌనం ఉన్న మహాగాథ ఒకటి మీకు చెబుదామని కూర్చున్నాను. అంత లేదు. ఇందులో ఉన్నది ఒక మోటార్ సైకిల్, నేను వేసిన ఒక జోకు. ఏడేళ్లుగా మోస్తున్నది ఆ జోకునే. మామూలుగా నా జోకులకు అంత బరువుండదు.

బాన్సువాడలో మా ఖోఖో జట్టు కోచ్, తనను 'సార్' అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. "అన్న అనుండ్రి" అనేవాడు. ఆ ఒక్క మాటతో మా ఇళ్లలో ఫికరంతా పోయింది. సార్ దింపుతున్నాడంటే ఏ దారిన అని అడిగేవారేమో. అన్న దింపుతుంటే అడిగేదేముంది?

ఒకసారి నన్ను దింపాడు. రోడ్డు వదిలి కాలువ కట్ట మీదికి తిప్పాడు. మధ్యలో ఆపి, పెట్రోల్ చూస్తానన్నాడు. చూసింది పెట్రోల్‌ను కాదు. అన్నలు అడగని ప్రశ్నలు అడిగాడు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే బండి స్టార్ట్ చేశాడు. మర్నాటి నుంచి మా బావ వస్తున్నాడని చెప్పి ఆటో ఎక్కాను. నాకు బావ లేడు. ఆ లేని బావే నన్ను కాపాడాడు. ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఆట మాన్పిస్తారని. అంతేనా? నేనే ఏదో చేశానంటారని కూడా.

తర్వాత సునీత చేరింది. నస్రుల్లాబాద్ దగ్గరి తండా పిల్ల, నాకంటే మూడేళ్లు చిన్న. ఒక సాయంత్రం కోచ్ తనను దింపుతానని బండి తీస్తుంటే వచ్చి నా చున్నీ పట్టుకుంది.

"అక్కా, నువ్వు గూడ ఎక్కరాదే."

"త్రిబుల్ రైడింగా? చలాన్ రాస్తరు."

"నువ్వు నడుమ కూసో అక్కా. నేను ఎన్క కూసుంట."

అందరూ నవ్వారు. కోచ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. సునీత నవ్వలేదు. ఒక్కతే ఎక్కింది.

'నడుమ' అంటే అతనికీ తనకూ మధ్య అని నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని ఏడేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. వారం తిరక్కుండా ఆమె ఆట మానేసింది. ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను, దాన్నీ తెలియకపోవడమే అంటారా?

ఇప్పుడు ఎవరి బండి వెనక ఏ పిల్ల కూర్చున్నా అనుమానమే. కన్నతండ్రులను కూడా తేరిపార చూస్తాను. మేనమామలైతే నన్ను చూసి స్పీడు పెంచుతారు.

మొన్న బస్టాండ్ ముందు అదే కోచ్ కనిపించాడు. కొత్త బండి. వెనక జెర్సీ వేసుకున్న పిల్ల, "అన్నా, మా ఊరు ఇటు గాదు గదా?" అంటోంది. అడ్డం నిలబడ్డాను. ఒక్క జోకూ నోటికి రాలేదు. పిల్లను దింపి, ఆటోలో వాళ్లింటిదాకా వెళ్లి, వాళ్లమ్మకు కాలువ కట్ట సంగతి చెప్పాను.

ఈ రోజు ఆ సంగతే ఫిర్యాదుగా రాశాను. నాకు జరిగింది మాత్రమే. సునీతది చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. ఇక్కడ ఆమె పేరు మార్చాను. క్షమిస్తావా అని అడగడానికి వెళ్లలేదు. నా బరువు దించే పని కూడా ఆమెకే అప్పజెప్పడమెందుకు? రాశాక గుండె కొంచెం తేలికైంది. అంతే.

స్టేషన్‌లో మేడం కాగితం చదివి, నాకొక కాపీ ఉండాలి, జిరాక్స్ తీయించుకు రమ్మంది. ఎదురు షాపులో కరెంటు లేదు. నాలుగింటికి వస్తుందట. అందాకా ఇక్కడే కూర్చుంటాను.