నరసప్ప చొక్కా

లాలాబీ రఫూ చేసిన బట్టలో చిరుగు ఎక్కడుండేదో దాన్ని వేసుకున్నవాళ్ళే వెతుక్కునేవారు. ఆదోనిలో తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. ఆయనా, ఆ తర్వాత భర్తా పోయాక సూదే ఆమెకు దిక్కయింది. పత్తి వ్యాపారుల పట్టుపంచెలు, ఉన్ని కోట్లు ఆమె గడపకే వచ్చేవి. గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి, ఎలుక కొరికిందో, నిప్పురవ్వ పడిందో, ముల్లు లాగిందో చెప్పేసేది.

1955 వేసవిలో పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సింగు మిల్లు కూలి నరసప్ప వీపులో లోతైన గాయంతో చనిపోయాడు. అంతకుముందు రోజు అతనితో గొడవపడ్డ గిడ్డయ్యే కత్తితో పొడిచాడని మిల్లు మేస్త్రీ వెంకటేశులు ఫిర్యాదు చేశాడు. నరసప్ప చొక్కా వీపున బెత్తెడు నిలువు కోత ఉంది. పోలీసులు గిడ్డయ్యను పట్టుకుపోయారు.

గిడ్డయ్య భార్య కృపమ్మ వచ్చి లాలాబీ ఎదుట కూలబడింది.

"ఆ పొద్దు నా మొగుడు జరమొచ్చి ఇంట్లో పండుకోనుండెనక్కా. నా మాట ఎవురూ నమ్మల్యా. ఆ సొక్కా నువ్వొకసారి సూడు."

"సూస్తా. కత్తి కోతే అయితే అదే సెప్తా. సమ్మతమేనా?"

కృపమ్మ తలూపింది.

చొక్కాను లాలాబీకి చూపించాలని గిడ్డయ్య వకీలు అర్జీ పెడితే మేజిస్ట్రేటు ఒప్పుకున్నాడు. విచారణకు రెండు రోజుల ముందు వెంకటేశులు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"లాలాబమ్మా, మా సావుకారి ఇంటి బట్టలన్నీ నీ కాడికే వస్తాండాయి. కోర్టులో ఏం తెలీదని సెప్పు, సాలు."

"సూడకముందే ఏం సెప్పేదప్పా?"

"ఆలోసన సేసుకో. ఆడ నోరు జారితే ఈ ఊర్లో నీకు సూది పని ఉండదు."

అతను గొంతు పెంచలేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది.

కోర్టులో లాలాబీ బురఖా ముసుగు పైకి తీసి, చొక్కాను కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. నెత్తురు ఎండి గుడ్డ అట్టకట్టింది. భూతద్దం పట్టి చూసింది. పోగులు ఒకే వరుసలో తెగి ఉన్నాయి. కత్తే. ఆమె కృపమ్మ వైపు చూడలేకపోయింది. మళ్ళీ వంగి, ఒక్కొక్క పోగునూ సూదిమొనతో విడదీస్తూ పోయింది. వెనక బెంచీ మీద వెంకటేశులు కదలకుండా కూర్చున్నాడు.

"కత్తి కోతేనా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"కత్తి కోతే సామీ."

కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కానీ నెత్తురు ఎండినంక కోసినారు. సుట్టూ పోగులకు నెత్తురు పైపైన పట్టి ఎండింది, తెగిన కొనల్లో లోపలి నూలు తెల్లగుండాది. మనిషి ఒంటి మీద కోసింటే కొనలూ తడిసిండాల."

"మరి గాయం ఎలా అయింది?"

"కోత నడుమ సూడండి సామీ. ఈడ కొన్ని పోగులు సాగి, పీకినట్ల తెగినాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇవి కొనల దాకా తడిసినాయి. మొద్దు మొనదేదో దిగింది, కొక్కెం మాదిరి. ఆ చిరుగు కనపడకుండా దాని మీదనే కత్తితో కోసినారు."

మేజిస్ట్రేటు తానే చొక్కా అందుకుని భూతద్దంలోంచి చూశాడు. ఆ పూటే మిల్లులో సోదా జరిగింది. బేళ్ళు ఎత్తే ఇనుప కొక్కెం ఒకటి గోడౌను వెనక దొరికింది. దాని తాడు పుచ్చి తెగిపోయి ఉంది. తాడు మార్చమని కూలీలు ఎన్నిసార్లు అడిగినా వెంకటేశులు మార్చలేదు. కొక్కెం జారి నరసప్ప వీపున దిగితే, తప్పు తన మీదికి రాకుండా చొక్కా కోసి గిడ్డయ్యను ఇరికించాడు. శవపరీక్ష చేసిన డాక్టరు కూడా కొక్కెం చూశాక గాయం దానిదేనన్నాడు. గిడ్డయ్య విడుదలయ్యాడు, వెంకటేశులు జైలుకు పోయాడు.

అయినా అతను అన్నంత పనీ జరిగింది. వ్యాపారుల ఇళ్ళ నుంచి ఒక్క పంచె రాలేదు. వానలు మొదలయ్యే నాటికి లాలాబీ ఎమ్మిగనూరు పోయి, మగ్గం మీద పోగులు తప్పిన చీరలు సరిచేసే పనిలో కుదిరింది. ఆమె పెట్టెను బస్సు దాకా మోసింది గిడ్డయ్యే.

తర్వాతి ఏళ్ళలో ఇలాంటి కేసులకే ఆదోని కోర్టువాళ్ళు ఆమెను ఇంకో రెండుసార్లు పిలిపించారు. ఆ రెండుసార్లూ అవి నిజంగా కత్తి కోతలే. ముద్దాయిల ఇళ్ళ ఆడవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తుండగా ఆ మాటే చెప్పి, తలదించుకుని బస్టాండుకు నడిచింది.